రాష్ట్రపతి దర్శనం కోరి రాసే ఉత్తరం

1977 మార్చిలో నంద్యాల ఓటర్లు నీలం సంజీవరెడ్డి గారిని లోక్‌సభకు పంపారు. ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో 41 కాంగ్రెసుకు పోగా, జనతా పార్టీకి దక్కింది ఆ ఒక్కటే. ఆ నెల 26న ఆయన స్పీకరయ్యారు. జూలై 25న రాష్ట్రపతిగా ప్రమాణం చేశారు. అంటే నాలుగు నెలలు తిరక్కుండానే మన ఎం.పి. దేశాధినేత అయిపోయారన్నమాట!

ఇక మన సీమ రైతుకు కష్టమొస్తే ఎవరికి రాసుకోవాలనిపిస్తుంది? ఆయనకే గదా. ఇల్లూరులో పుట్టినాయన, అనంతపురం కాలేజీలో చదివినాయన, వాన మొగం చాటేస్తే శెనక్కాయ చేను ఎట్లుంటుందో ఒకరు చెప్పాల్సిన పనిలేనాయన.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఎం.పి.గా ఉన్నవాడు మన అర్జీ పట్టుకొని మంత్రి గదికి పోవచ్చు, సభలో లేచి అడగవచ్చు. రాష్ట్రపతికి ఆ వీలు లేదు. రాజ్యాంగం 74వ అధికరణం ప్రకారం ఆయన మంత్రిమండలి సలహా మేరకే నడుచుకోవాలి. 1976 నాటి 42వ సవరణ దాన్ని ఇంకా బిగించింది. సలహాను ఒకసారి పునరాలోచనకు తిప్పి పంపే వీలు 1978లో 44వ సవరణతో వచ్చింది. కుర్చీ ఎత్తు పెరిగింది, చెయ్యి కురచయింది.

మనసు లేక కాదు. ఆ ఆగస్టులోనే సంజీవరెడ్డి గారు తన జీతంలో నూటికి 70 వంతులు వదులుకుంటానని ప్రకటించారు. జీతం ఆయనది, కాబట్టి వదులుకోగలిగారు. రైతు అప్పు రద్దు చేయడం ఆయన చేతిలో లేదు.

ఆయన స్వయంగా తేల్చవలసినవీ లేకపోలేదు. 1979లో మొరార్జీ దేశాయి రాజీనామా చేశాక, దేశాయినీ చరణ్‌సింగునూ మద్దతుదారుల జాబితాలు ఇమ్మని అడిగి, వాటిని చూసి చరణ్‌సింగును పిలిచారు. ఆగస్టులో ఆయనా రాజీనామా చేస్తే, జగ్జీవన్‌రాం అవకాశం కోరినా ఇవ్వక లోక్‌సభను రద్దు చేశారు. అది సరా కాదా అని ఇప్పటికీ వాదులాడుకుంటారు. కానీ ఆ కాగితాలూ ఆ కలయికలూ సరైన గుమ్మానికే పోయాయి.

2022 జూలై 25న ద్రౌపది ముర్ము గారు ప్రమాణం చేసినప్పుడు వేంపల్లెలో మా పెదనాయన నన్ను కూచోబెట్టి ఉత్తరం చెప్పడం మొదలుపెట్టినాడు. ‘పల్లెలో పుట్టిన తల్లిరా, మన మాట ఆయమ్మకు అర్థమైతాది. రాయి.’ ఆయన పాసుపుస్తకంలో నలభై సెంట్లు తక్కువ పడింది. ఉత్తరంలో ఒక పేజీన్నర అభినందనలు, దీవెనలు. సర్వే నంబరు మాత్రం లేదు. మనవాళ్ళ ఉత్తరాలు చాలామటుకు ఇంతే. పెండ్లి శుభలేఖా అర్జీ కలిపి కుట్టినట్టుంటాయి.

భూమి రికార్డులు రాష్ట్ర ప్రభుత్వం పని. అట్లాంటి విన్నపాన్ని రాష్ట్రపతి సచివాలయం సంబంధిత ప్రభుత్వానికి పంపుతుంది. అక్కడినుంచి అది మెట్టుమెట్టుగా దిగి, బయలుదేరిన జిల్లాకే చేరుతుంది. అందుకని రాయడం దండగ అనను. పైనుంచి దిగిన కాగితానికి ఒక నంబరుంటుంది, ఆ నంబరు పెట్టి మళ్ళీ అడగవచ్చు. 2009 నుంచి ఇట్లాంటి విన్నపాలు ఇంటర్నెట్టులోనూ తీసుకుంటున్నారు.

ఇంగ్లీషు రాదని జంకేవాళ్ళకు ఒక మాట. 350వ అధికరణం ప్రకారం కష్టం తీర్చమని కేంద్ర అధికారులకైతే దేశంలో, రాష్ట్ర అధికారులకైతే ఆ రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నవించుకోవచ్చు. తెలుగులో రాస్తే తప్పులేదు, హక్కే.

దర్శనమే కావాలంటే రాష్ట్రపతి కార్యదర్శి, రాష్ట్రపతి భవన్, న్యూఢిల్లీ 110004 అని రాయండి. అభినందన ఒక వాక్యం చాలు. ఎవరం, ఎందరం వస్తాం, ఏ పని మీద, ఎన్ని నిమిషాలు కావాలి అన్నవి మొదటి పేరాలోనే పడాలి. ఆ పని రాష్ట్రపతే ఎందుకు వినాలో రెండో పేరాలో చెప్పాలి. ఆ రెండో పేరా ఎంతకూ కుదరకపోతే, అదే కాగితం మీద పైన చిరునామా కొట్టేసి కలెక్టరు గారిది రాయండి. నకలూ, స్పీడు పోస్టు రశీదూ పాసుపుస్తకంలోనే దాచుకోండి.