షెడ్డు లేదు, బండి ఎక్కడ పెట్టను?

ప్రశ్న: మాది పమిడిముక్కల. బండి రాత్రంతా వీధిలోనే ఉంటోంది. దొంగల భయం, వానల భయం. ఏం చేయమంటారు?

జవాబు: హ్యాండిల్ లాక్ ఒక్కదాన్నే నమ్ముకోకండి, బలంగా తన్నితే విరిగిపోతుంది. మేస్త్రీ చేత అరుగు పక్కన కాంక్రీటులో లావుపాటి ఇనుప రింగు పాతించండి. గట్టి గొలుసును చక్రంలోంచే కాదు, ఫ్రేములోంచి కూడా తిప్పి ఆ రింగుకు తాళం వేయండి. చక్రం ఊడదీసి మిగతా బండి ఎత్తుకుపోయేవాళ్లున్నారు. గొలుసు నేలకు ఆనకూడదు, ఆనితే సుత్తితో పగలగొట్టడం తేలిక.

మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ. తడి బండి మీద కవరు కప్పితే తుప్పు ఖాయం, ఆరాకే కప్పండి. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో విజయవాడలో ఎన్నో బళ్లు మునిగాయి. నీరొస్తుందంటే ముందే మెరక మీదికి చేర్చండి. మునిగిన బండిని మెకానిక్ చూడకుండా స్టార్ట్ చేయొద్దు.

థర్డ్ పార్టీ బీమా ఒక్కటే ఉంటే, బండి పోయినా పరిహారం రాదు. పాలసీ కాగితం ఈరోజే తీసి చూసుకోండి.