పిల్లల్ని బడికి ఎప్పుడు పంపాలి?

వరంగల్‌లో జూన్ నెల దగ్గర పడుతోందంటే చిన్నపిల్లలున్న ప్రతి ఇంట్లో ఒకటే చర్చ. మండీబజార్‌లోనైనా, చార్‌బౌళిలోనైనా, కాజీపేటలోనైనా మాట అదే. "రెండున్నరేళ్లు నిండాయి, నర్సరీలో వేసేద్దాం" అంటుంది తల్లి. "అప్పుడే తొందరేముంది, ఆరేళ్లు రానీ" అంటుంది దాదీమా. ఇద్దరిదీ బిడ్డ మీద ప్రేమే. మరి ఏది సరైనది?

సంతానం అమానతు

సంతానం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. తన సంరక్షణలో ఉన్నవారి గురించి ప్రతి మనిషీ జవాబు చెప్పుకోవలసి ఉంటుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఆయనపై అవతరించిన తొలి వహీయే చదవమన్న ఆజ్ఞతో మొదలైంది. కనుక బిడ్డ చదువు విషయంలో తొందరపాటూ తగదు, అశ్రద్ధా తగదు.

మన దక్కనులో చాలా కుటుంబాల్లో బిడ్డకు నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండినప్పుడు 'బిస్మిల్లాహ్' చేయిస్తారు. చదువును పండుగలా మొదలుపెట్టాలన్న ఆలోచన మంచిదే. అయితే ఈ లెక్క ఖుర్‌ఆన్‌లో గానీ హదీసులో గానీ లేదు. అది పెద్దల నుంచి వచ్చిన ఆనవాయితీ మాత్రమే. అంతవరకు ఏమీ నేర్పకుండా ఊరుకోవడం పొరపాటు. ఘనంగా విందు చేసి, మర్నాటి నుంచి పుస్తకం ముట్టకపోవడం అంతకన్నా పెద్ద పొరపాటు.

దైవప్రవక్త (స) నేర్పిన తీరు

పిల్లలకు ఏడేళ్లు వచ్చాక నమాజు చేయమని చెప్పాలని దైవప్రవక్త (స) ఆదేశించారు. అంతకు ముందరి కాలం చూసి నేర్చుకునే కాలం. పసివాడైన హజ్రత్ హసన్ (రజి) ఒకసారి సదఖా ఖర్జూరాన్ని నోట్లో పెట్టుకుంటే, ఆయన దాన్ని ఉమ్మివేయించి, మనం సదఖా తినమని కారణం కూడా చెప్పారు. చిన్నవాడైన ఉమర్ బిన్ అబీ సలమా (రజి) చేయి పళ్లెమంతా తిరుగుతుంటే, అల్లాహ్ పేరు తలచుకోమని, కుడిచేత్తో తినమని, తన ముందున్నదే తినమని నేర్పారు. ఒక్క ముద్ద దగ్గర మూడు పాఠాలు! పలక లేదు, బెత్తం లేదు. సజ్దాలో ఉండగా మనుమడు వీపెక్కితే, వాడి ముచ్చట తీరేదాకా సజ్దాను పొడిగించారు.

ఏ వయసులో ఏమిటి?

ఆరేళ్లలోపే పిల్లల మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా జరిగిపోతుందని 2020 నాటి జాతీయ విద్యావిధానం పేర్కొంది. మూడేళ్ల నుంచి ఆరేళ్ల వరకు పూర్వ ప్రాథమిక విద్య, ఆరేళ్లు నిండాక ఒకటో తరగతి అన్నది అందులోని ఏర్పాటు. 2009 నాటి విద్యాహక్కు చట్టం కూడా ఆరేళ్ల నుంచే మొదలవుతుంది.

కాబట్టి మూడేళ్లు నిండేవరకు బిడ్డకు ఇల్లే బడి, అమ్మ ఒడే తరగతి. మూడేళ్లు నిండాక రోజుకు రెండు మూడు గంటలు తోటిపిల్లల మధ్య గడిపితే మేలు. అయితే అక్కడ జరగాల్సింది కథలు, పాటలు, ఆటలు, మాటలు. రెండున్నరేళ్ల బిడ్డ వేళ్లు పెన్సిలు పట్టడానికి ఇంకా సిద్ధపడవు. హోంవర్కు కోసం ఆ బిడ్డను కొట్టడం దౌర్జన్యమే. ఆట మాన్పించి ఎప్పుడూ చదువుకే కట్టేస్తే పిల్లవాడి హృదయం చచ్చిపోతుందని 1111లో మరణించిన ఇమామ్ గజాలీ (రహ్మ) ఏనాడో హెచ్చరించారు.

అలాగని ఆరేళ్ల దాకా ఇంట్లోనే ఉంచితే నష్టమే. మన ఇళ్లలో చాలామంది మాట్లాడేది ఉర్దూ. బడిలో వినిపించేది తెలుగు లేక ఇంగ్లీషు. చిన్నప్పుడే ఆ మాటలు చెవిన పడని బిడ్డ ఒకటో తరగతిలో బిక్కమొహం వేసి కూర్చుంటాడు. అందరూ వాడిని మొద్దు అంటారు. వాడూ అదే నిజమనుకుంటాడు. ఆ మచ్చ పోవడం కష్టం.

వీధిలోని అంగన్‌వాడీ

అప్పు చేసి నర్సరీ ఫీజు కట్టే తల్లిదండ్రులు ముందు తమ వీధిలోని అంగన్‌వాడీని చూసిరావాలి. 1975 అక్టోబరు 2న మొదలైన ఐ.సి.డి.ఎస్. పథకం కింద నడిచే ఈ కేంద్రాల్లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటపాటల చదువు, పౌష్టికాహారం ఉచితం. టీకాల విషయమూ చూస్తారు. ఎక్కడ చేర్చినా బోర్డు చూసి కాదు, నాలుగు సంగతులు చూసి చేర్చండి: టీచరు పిల్లలతో ఎలా మాట్లాడుతోంది, ఆడుకునే చోటుందా, మంచినీళ్లు, మరుగుదొడ్డి శుభ్రంగా ఉన్నాయా, పిల్లలు నవ్వుతూ ఇంటికి వెళుతున్నారా?

ఇక ఇంట్లో చేయాల్సింది మనమే. భోజనం ముందు 'బిస్మిల్లాహ్' బిడ్డ వినేలా అనండి. పడుకునే ముందు ప్రవక్తల కథ ఒకటి చెప్పండి. టీవీ, సెల్‌ఫోన్ కట్టేసి వాడి ప్రశ్నలకు జవాబివ్వండి. వాడి ముందు అబద్ధం ఆడకండి. సమయానికి లేచి నమాజు చేసే తండ్రిని చూసిన బిడ్డకు ఆ పాఠం వేరే చెప్పనక్కర్లేదు.

అల్లాహ్ మన సంతానాన్ని విద్యావంతులుగా, సద్వర్తనులుగా, మన కళ్లకు చలువగా చేయుగాక! ఆమీన్.