కుక్క గిన్నెకు వేరే పీచు

మా కుక్కకు పచ్చి మాంసం పెట్టడం మొదలుపెట్టిన రెండో వారంలోనే నాకు బుద్ధి వచ్చింది. పొద్దున్నకి కరుగుతుందిలే అని రాత్రి ఫ్రీజర్‌లోంచి చికెన్ కవరు తీసి గ్యాస్ గట్టు మీద పెట్టి పడుకున్నాను. లేచి చూస్తే కవరుకి ఎక్కడో చిల్లు పడింది. ఎర్రటి నీళ్లు గట్టంతా పారి, మూలనున్న కొత్తిమీర కట్ట కిందికి చేరాయి. ఎనిమిదింటికి ఆఫీసు క్యాబ్. ఆ కొత్తిమీర పారేశావా, కడిగి పచ్చడి చేసేశావా అని ఇంట్లో ఇప్పటికీ అడుగుతుంటారు. పారేశాను. కానీ పారేసే ముందు ఒక్క క్షణం గడియారం వైపు చూసిన మాట నిజం.

ముందే నా అభిప్రాయం చెప్పేస్తాను. ఉద్యోగాలు చేసుకునేవాళ్ల ఇంట్లో కుక్కకు ఉడికించి పెట్టడమే సులువు, క్షేమం కూడా. పచ్చి తిండికి ఇంత పేరు రావడానికి ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ అనే ఆస్ట్రేలియా పశువైద్యుడు 1993లో రాసిన ‘గివ్ యువర్ డాగ్ ఎ బోన్’ పుస్తకం ఒక కారణం. అమెరికా పశువైద్యుల సంఘం మాత్రం ఇలా పెట్టవద్దనే చెబుతోంది. అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2010–2012 మధ్య పెంపుడు జంతువుల కోసం అమ్మే పచ్చి ఆహారం నమూనాలు 196 పరీక్షిస్తే, 15లో సాల్మొనెల్లా, 32లో లిస్టీరియా బయటపడ్డాయి. అవన్నీ ప్యాక్ చేసి అమ్మినవి. మన వీధి చివర చికెన్ షాపులో ఆదివారం పొద్దున్నుంచీ ఒకే మొద్దు మీద, ఒకే కత్తితో ఎన్ని కోళ్లు కొడతారో లెక్కేయండి. కళ్లముందే కోయించాం కదా, ఫ్రెష్ అంటాం. ఫ్రెష్ మాట నిజమే. అయితే ఈ సూక్ష్మజీవులు ఉండేది బతికున్న కోడి పేగుల్లోనే. కోసిన నిమిషం నుంచే మాంసానికి అంటుకుంటాయి.

ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలున్నా, గర్భిణి ఉన్నా, వయసు మళ్లినవాళ్లున్నా, క్యాన్సర్ మందులు వాడుతున్నవాళ్లున్నా ఈ పని పెట్టుకోకండి. మిగతావాళ్లకు, పెట్టి తీరతాం అనేవాళ్లకు ఈ కింది మాటలు.

మా అమ్మమ్మ మడి కట్టుకుందంటే ఏ చెయ్యి ఏ గిన్నెను ముట్టిందో, ఆ గిన్నె ఎక్కడ పెట్టారో ఆ అంటు లెక్కంతా ఆమె బుర్రలో నమోదయ్యేది. అంటు అన్న మాటతో మన సమాజం మనుషులను ఎంత అవమానించిందో తెలిసీ ఆ మాట వాడుతున్నాను, ఎందుకంటే పచ్చి మాంసం విషయంలో సరిపోయే లెక్క అదే. చికెన్ ముట్టిన చేత్తో కుళాయి తిప్పారు. ఆ కుళాయిని మళ్లీ తిప్పి మంచినీళ్లు పట్టారు. గిన్నె ఎంత తోమినా ఆ కుళాయి పిడి అలాగే ఉంటుంది. ఫ్రిజ్ తలుపు, కవర్లు తీసిన డ్రాయరు, మధ్యలో మోగితే ఎత్తిన ఫోను కూడా అంతే.

కాబట్టి మాంసాన్ని ముట్టడమే తగ్గించుకోండి. 20 కిలోల కుక్కకు పచ్చి తిండి పెట్టేవాళ్లు సాధారణంగా రోజుకు ఒంటి బరువులో రెండు మూడు శాతం లెక్కన 400–600 గ్రాములు పెడతారు. అంటే వారానికి సుమారు మూడున్నర కిలోలు. సింగిల్ డోర్ ఫ్రిజ్ ఐసు పెట్టెలో ఇంత కుక్కితే మధ్యలోది గడ్డకట్టడానికే చాలాసేపు పడుతుంది. అలాంటి ఇంట్లో రెండు రోజులకు సరిపడానే తెచ్చుకోండి. కింది అరలో చికెన్ ఒకటి రెండు రోజులకు మించి ఉంచకూడదు. విడిగా ఫ్రీజర్ ఉన్నవాళ్లు వారానికొక గంట కేటాయిస్తే చాలు.

ఆ గంట ఇంట్లో వంటంతా అయిపోయాక పెట్టుకోండి. ముక్కలు షాపులోనే కొట్టించండి. ఇంట్లో కత్తి, చెక్క పలక బయటికి తీయకపోతే వాటిని కడిగే బాధే ఉండదు. కూరగాయల సంచిలో వేసి తేవద్దు. మాంసం ముట్టకముందే కవర్ల మీద మార్కరుతో తేదీ రాసి, మూతులు బయటికి మడిచి వరసగా నిలబెట్టుకోండి. తర్వాత ఒక చెయ్యి మాంసానికి, ఒక చెయ్యి కవర్లకు. రెండు చేతులూ మాంసంలో పెట్టారంటే సబ్బు డబ్బా మూత తీయడానికి పక్కింటివాళ్లను పిలవాలి. ఒక పూటకు ఒక కవరు చొప్పున పలచగా పరిచి మూసి, అన్నీ కలిపి మూతున్న డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లో సర్దండి. పలచగా ఉన్నది త్వరగా గడ్డకడుతుంది, త్వరగా కరుగుతుంది కూడా.

చికెన్‌కి పసుపు, ఉప్పు రాసి కుళాయి కింద కడగనిదే మన ప్రాణం ఒప్పుకోదు. కుక్కకు పెట్టే మాంసానికి ఆ పని చేయకండి. కుళాయి ధారకు చిందే తుంపర్లు సింకు పక్కన ఆరబెట్టిన కంచాల మీద పడతాయి. పసుపు వల్ల సాల్మొనెల్లా పోదు. ఈకలో, నెత్తుటి గడ్డలో ఉంటే గిన్నెలో నీళ్లు పోసి ముంచి తీయండి. ఫ్రీజర్ కూడా సూక్ష్మజీవులను చంపదు, నిద్రపుచ్చుతుంది అంతే.

కరిగించడం దగ్గర నేను చేసిన తప్పు చెప్పాను కదా. రేపటి కవరు ఈ రాత్రే స్టీలు డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో అన్నిటికంటే కింది అరకు దించండి. మర్చిపోతే, కారని కవరును చన్నీళ్లలో ముంచి అరగంటకోసారి నీళ్లు మార్చండి. అరకిలో సుమారు గంటలో కరుగుతుంది. అదీ కుదరకపోతే ఉడకబెట్టేయండి. పచ్చి మాంసం బయట రెండు గంటలకు మించి ఉండకూడదు. 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. విజయవాడ మే నెలలో ఆ గంట కూడా ఎక్కువే అనిపిస్తుంది నాకు.

ఇక ఏ పూట పెట్టాలన్నది. పొద్దున్న పెడితే, ఎముక నోట కరుచుకుని సోఫా ఎక్కిన కుక్కను అలాగే వదిలి మీరు క్యాబ్ ఎక్కాలి. మధ్యాహ్నానికి గిన్నెలో వదిలి వెళ్లడం అసలే వద్దు. పచ్చిది సాయంత్రం ఇంటికొచ్చాక, తుడవడానికి తీరిక ఉన్నప్పుడే పెట్టండి. పొద్దున్నకి పొడి తిండో, ఉడికించినదో సరిపోతుంది.

చోటు ఒక్కటే ఉండాలి. వాష్ ఏరియా అయితే మేలు. అది లేకపోతే బాత్రూం. బాల్కనీ పెట్టుకుంటే కింది ఫ్లాటువాళ్లు ఆరేసిన బట్టలు గుర్తుంచుకోండి. ప్లాస్టిక్ గిన్నె గీతల్లో మురికి దాక్కుంటుంది, అందుకని స్టీలుదే తీసుకుని కింద వెడల్పాటి ట్రే పెట్టండి. ముక్కను ఈడ్చుకుంటూ హాల్లోకి తెచ్చే కుక్కకు మొదటి నెల మెడపట్టీ తాడు తలుపు గొళ్లేనికి కట్టి, పక్కన నిలబడండి. ఇరవై నిమిషాల్లో తిననిది తీసేయండి. కైమా పెడితే ఈడ్చుకెళ్లే బెడద ఉండదు కానీ మూతంతా పూసుకుంటుంది. షిట్జు లాంటి గడ్డం కుక్కలకు మరీనూ. తిన్నాక తడిగుడ్డతో మూతి, ముందు కాళ్లు తుడిచి, ఆ గుడ్డ వేడినీళ్లలో వేయండి. ఆరోగ్యంగా తిరుగుతున్న కుక్క నోట్లో, మలంలో కూడా సాల్మొనెల్లా ఉండవచ్చు. మొహం నాకనివ్వడం మానండి, మలం తీసిన ప్రతిసారీ సబ్బుతో ఇరవై సెకన్లు చేతులు కడగండి.

గిన్నె సంగతి. దానికి వేరే పీచు ఉండాలి, రంగు కూడా వేరే. మా ఇంట్లో అందరి గిన్నెలకు పసుపు, కుక్కకు ఆకుపచ్చ. సబ్బుతో తోమి జిడ్డంతా పోయాకే బ్లీచ్. నాలుగు లీటర్ల నీళ్లకు ఒక పెద్ద చెంచా, అంటే 15 మిల్లీలీటర్లు చాలు. జిడ్డు మీద పోస్తే అది పనిచేయదు. ట్రే, నేల, కుళాయి పిడి కూడా ఆ నీళ్లతోనే తుడిచి, కాసేపాగి మంచినీళ్లతో కడగండి. బాత్రూం కడిగే యాసిడ్‌తోనో, వెనిగర్‌తోనో బ్లీచ్ కలపకండి. విషవాయువు వస్తుంది.

ఈ గిన్నె ఇంటి పనికి వచ్చే ఆమెకు వదిలేయడం చాలా ఇళ్లలో చూశాను. నాకు నచ్చదు. జీతం మాట్లాడుకున్న రోజు ఈ గిన్నె ఊసే లేదు. సింకులో పడేస్తే ఆమె అదే పీచుతో మీ పాలగిన్నె తోముతుంది. అవే చేతులతో ఇంకో నాలుగిళ్లకు వెళ్లి, సాయంత్రం తన పిల్లలకు అన్నం కలిపి పెడుతుంది. కుక్క మనది, సరదా మనది, కడగడమూ మనదే. తప్పనిసరైతే విషయం విప్పి చెప్పండి. చేతి తొడుగులు ఇచ్చి, అదనంగా డబ్బులివ్వండి. ఆమె వద్దంటే అక్కడితో ఆపేయండి.

మాంసం ఎంపికలో మూడు జాగ్రత్తలు. ఎముకలేని చికెన్ ఒక్కటే పెడితే కాల్షియం చాలదు, పెరిగే పిల్లకుక్కల ఎముకలు బలహీనపడతాయి. అసలు పిల్లకుక్కకు పశువైద్యుణ్ని అడగకుండా పచ్చి తిండి మొదలుపెట్టకండి. కార్జం చవకని రోజూ పెడితే విటమిన్ ఎ ఎక్కువై అదో జబ్బు. మొత్తంలో ఐదు శాతం దగ్గర ఆపండి. మూడోది అన్నిటికంటే ముఖ్యం. మటన్ షాపులో ఊరికే ఇచ్చే గొర్రె ఊపిరితిత్తులు, కార్జం పచ్చిగా పెట్టకండి. వాటిలో హైడాటిడ్ తిత్తులు ఉంటే కుక్క పేగుల్లో సన్నటి బద్దెపురుగులు పెరుగుతాయి. వాటి గుడ్లు మలంతో బయటపడి, మన చేతుల మీదుగా నోట్లోకి చేరితే మన కాలేయంలోనో ఊపిరితిత్తుల్లోనో తిత్తులు కడతాయి. ఏళ్ల తరబడి తెలియను కూడా తెలియదు. అవి పెట్టాలంటే బాగా ఉడికించండి. ప్రాజిక్వాంటెల్ ఉన్న నులిపురుగుల మందు ఎన్నాళ్లకోసారి వేయాలో పశువైద్యుణ్ని అడగండి.

బర్డ్ ఫ్లూ వార్త వచ్చిన రోజు పచ్చి చికెన్ ఆపేయండి. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో అది బయటపడింది. అంతకు రెండు నెలల ముందే అమెరికాలోని ఓరెగాన్‌లో, ఆ వైరస్ ఉన్న పచ్చి టర్కీ మాంసం తిండి తిని ఒక పెంపుడు పిల్లి చనిపోయింది. ఉడికిస్తే ఆ వైరస్ చస్తుంది.

ఇక కరెంటు కోత సంగతి. నిండుగా ఉన్న పెద్ద ఫ్రీజర్ తలుపు తీయకుండా ఉంచితే కరెంటు పోయినా రెండు రోజులు చల్లగా ఉంటుంది, సగమే ఉంటే ఒక్క రోజు. ఊరి నుంచి వచ్చి చూస్తే కవరులో ఇంకా ఐసు పలుకులున్నాయా, సరే. మెత్తబడిందా, మొహమాటం లేకుండా పారేయండి.

ఆఫీసులో రాత్రి దాకా కూర్చోవాల్సిన వారాల్లో నేను పచ్చిది ముట్టను. ఎముకలు తీసిన చికెన్ కుక్కర్లో వేసి మూడు విజిల్స్ రానిస్తాను. మా కుక్క తేడా గమనించినట్టు లేదు. పచ్చిదైనా, ఉడికిందైనా గిన్నె మెరిసేదాకా నాకుతుంది. మొన్నొక రాత్రి ఆ మెరుపు చూసి, కడిగిందే అనుకుని మావాడు ఆ గిన్నెను అల్మరాలో పెట్టబోయాడు. ఏమీ అనలేదు. ఆకుపచ్చ పీచు తెచ్చి చేతిలో పెట్టాను.