పార్శ్వపు నొప్పి

నూజివీటి తోటలలో చిన్నరసములు కోతకు వచ్చు దినములలోనే నాకు పార్శ్వపు నొప్పి హెచ్చుచుండెడిది. తలలో ఒక ప్రక్క సమ్మెటతో మోదినట్లుండెడిది; వెలుతురు చూడలేకుంటిని, చప్పుడు సహింపలేకుంటిని. పైకి గాయమేమియు కనబడదు గనుక, పాఠము చెప్పుటకు బద్ధకమని కొందరు నవ్విరి. సుశ్రుతుడు అర్ధావభేదకమని వర్ణించిన బాధ యిదియే.

నొప్పి వచ్చినప్పుడెల్ల మాత్ర మ్రింగితిని. పిదప, వచ్చునేమో యను భయముతోనే మ్రింగితిని. సామాన్యపు నొప్పి మాత్రలైనను నెలకు 15 దినములు వాడుచున్నచో అవియే తలనొప్పిని తెచ్చునని వైద్యుడు చెప్పువరకు నేనెరుగను. ఆయన వానిని మాన్పించి, తిండి, నిద్ర, నొప్పి వచ్చిన వేళ, వీనిని ప్రతిదినము పుస్తకములో వ్రాయుమనెను. మూడు నెలలకు గుట్టు తెలిసినది. దోషము పండుది కాదు (ఎన్నియేండ్లు దానిని వృథాగా వెలివేసితినో!), చద్దియన్నము మాని మిట్టమధ్యాహ్నము వరకు ఎండలో నిలుచుటది.

గుండెనొప్పికి వాడు ప్రొప్రనొలాల్ ఈ బాధను గూడ రాకుండ ఆపునని 1966లో యాదృచ్ఛికముగా బయటపడినది. వైద్యుడు దానిని నాకు నిత్యము ఇచ్చెను. ఉబ్బసము గలవారికి అది హాని, అడుగక మ్రింగరాదు.

నొప్పి పూర్తిగా పోలేదు. వచ్చినచో మొదటనే మాత్ర వేసికొని చీకటిగదిలో పరుండెదను. నిరుడు చద్ది తిని, గొడుగుతో కోతలకు పోయి, రెండు రసములు జుఱ్ఱితిని.