సరళపాఠ సంకేతాలతో గ్రంథపరిష్కరణ: మార్క్‌డౌన్ పద్ధతి - గుణదోష పరిశీలన

తెలుగు కావ్యముద్రణలలో పద్యానికి ముందు 'క.', 'ఉ.', 'సీ.', 'వ.' అనే సంక్షేపాక్షరాలుండటం సర్వవిదితం. అక్షరం ఎంత లావుగా ఉండవలెనో, పంక్తి ఎంత లోపలికి జరగవలెనో ఇవి చెప్పవు. రాబోయేది కందమో, ఉత్పలమాలయో, సీసమో, వచనమో మాత్రమే తెలుపుతాయి. స్వరూపనిర్దేశం పరిష్కర్త పని. ఆకృతికల్పన ముద్రాపకుని పని. కంప్యూటరుపై గ్రంథాన్ని సిద్ధపరచటానికి కూడా ఈ విభాగమే మూలసూత్రం.

ఈ సూత్రం ఆధారంగా 1986లో 'స్టాండర్డ్ జనరలైజ్డ్ మార్కప్ లాంగ్వేజ్' అంతర్జాతీయ ప్రమాణమైంది. 1987లో ఆరంభమైన 'టెక్స్ట్ ఎన్‌కోడింగ్ ఇనిషియేటివ్' దానిని సాహిత్యగ్రంథాలకు అన్వయించింది. అయితే ఆ పద్ధతిలో సంకేతాలు దట్టమై, మూలపాఠం కంటికి సులభంగా ఆనదు. సంకేతాలు చేర్చిన పిదప కూడా పాఠం యథాతథంగా చదువుకొనుటకు వీలుగా ఉండవలెనన్న లక్ష్యంతో జాన్ గ్రూబర్ 2004లో మార్క్‌డౌన్ పద్ధతిని ప్రకటించాడు. అందులోని సందిగ్ధాలను పరిహరించటానికి 2014లో 'కామన్‌మార్క్' నిర్దేశం వెలువడింది.

ఇందలి ముఖ్యసంకేతాలు స్వల్పం. పంక్తి మొదట # గుర్తు, ఒక ఖాళీ ఉంచితే అది ప్రధానశీర్షిక. రెండు గుర్తులుంచితే ఉపశీర్షిక. ఆశ్వాసానికి మొదటిది, ప్రకరణానికి రెండవది చాలును. పదానికిరువైపుల ఒక్కొక్క * ఉంచితే సాధారణ ప్రాధాన్యం, రెండేసి ఉంచితే అధిక ప్రాధాన్యం. ఉదాహృత భాగానికి పంక్తి మొదట > గుర్తు. ఖాళీపంక్తి పేరాను విడదీస్తుంది.

దీని ప్రయోజనం మన భాషకు విశేషంగా వర్తిస్తుంది. 1990లలో పలు తెలుగు ఫాంట్లు దేనికది సొంత సంకేతక్రమాన్ని అనుసరించాయి. ఆ ఫాంటు లేనిచోట నాటి పాఠం అర్థరహితమైన అక్షరసమూహంగా కనబడుతుంది. యూనికోడ్‌లో, సరళపాఠంగా భద్రపరచిన గ్రంథం ఏ ఒక్క ఫాంటుకూ, ఏ ఒక్క సాఫ్ట్‌వేరుకూ బద్ధం కాదు.

అయినప్పటికీ పద్యకావ్య పరిష్కర్త ఈ పద్ధతిలో మూడు అంశాలను జాగ్రత్తగా గమనించవలె.

మొదటిది పాదవిభాగం. మార్క్‌డౌన్‌లో వరుస పంక్తులు ఒకే పేరాగా కలిసిపోతాయి. పంక్తి ముగిసినచోట సాధారణంగా ఒక ఖాళీ మాత్రమే కనబడుతుంది. తెలుగు పద్యంలో పదం పాదాంతాన్ని దాటి తరువాతి పాదంలోకి సాగటం సహజం. కనుక ఆ ఖాళీ పదం నడుమ పడి, లేని పదచ్ఛేదాన్ని కల్పిస్తుంది, ప్రాసస్థానమూ మరుగవుతుంది. పంక్తి చివర రెండు ఖాళీలుంచితే విభాగం నిలుస్తుంది గాని, అవి కంటికి కనబడవు. కొన్ని సాఫ్ట్‌వేర్లు వాటిని తొలగిస్తాయి. కామన్‌మార్క్ అంగీకరించే \ గుర్తును పాదాంతంలో ఉంచటం శ్రేయస్కరం.

రెండవది పద్యసంఖ్య. పంక్తి మొదట అంకె, చుక్క ఉంటే అది సంఖ్యాక్రమ జాబితాగా గ్రహింపబడుతుంది. కామన్‌మార్క్ మొదటి అంకెను మాత్రమే పాటించి, తక్కినవాటిని వరుసగా తానే లెక్కిస్తుంది. 4వ పద్యాన్ని ప్రక్షిప్తమని పరిహరించి, 3 తరువాత 5వ పద్యాన్ని జాబితాగా కూర్చిన పక్షంలో 5 కాస్తా 4గా కనబడుతుంది. పరిష్కర్త నిర్ణయం మరుగై, అన్య గ్రంథాలలోని పద్యసంఖ్యా నిర్దేశాలు తప్పుతాయి. అంకెకూ చుక్కకూ నడుమ \ గుర్తు ఉంచినా, తెలుగు అంకెలు వాడినా ఈ దోషం తొలగుతుంది.

మూడవది అక్షరసమగ్రత. సంధిగత పదంలో ఒక భాగాన్నే గుర్తించవలసినపుడు * గుర్తునే వాడవలె. పదమధ్యంలో _ గుర్తును కామన్‌మార్క్ ప్రాధాన్యసంకేతంగా గ్రహింపదు. గుర్తును హల్లుకూ దాని గుణింతచిహ్నానికీ మధ్య ఉంచితే అక్షరం విరుగుతుంది. కావున విభాగం ఎల్లప్పుడూ పూర్ణాక్షరం వద్దనే జరగవలె.

ఇక పాఠాంతరాల విషయం. అధోజ్ఞాపికల సంకేతం మూల మార్క్‌డౌన్‌లోనూ, కామన్‌మార్క్‌లోనూ లేదు. జాన్ మెక్‌ఫార్లేన్ రూపొందించిన 'పాన్‌డాక్' ఆ సౌకర్యాన్ని చేర్చింది. పంక్తి మొదట | గుర్తుతో పాదాలను యథాస్థితిలో నిలిపే వీలునూ కల్పించింది. రెండు మూడు ప్రతుల పాఠభేదాలకు అధోజ్ఞాపికలు చాలును. అనేక ప్రతులను తులనాత్మకంగా పరిశీలించి, ఏ పాఠం ఏ ప్రతిలోనిదో యంత్రం వర్గీకరించవలసినచోట 'టెక్స్ట్ ఎన్‌కోడింగ్ ఇనిషియేటివ్' పద్ధతే తగినది.

సంగ్రహంగా, తొలి శుద్ధప్రతికీ, వ్యాఖ్యాసహిత పాఠ్యగ్రంథానికీ, వ్యాసరచనకూ మార్క్‌డౌన్ పర్యాప్తం. బహుప్రతిమూలక శాస్త్రీయ పరిష్కరణకు అపర్యాప్తం. ఏ పద్ధతిని అనుసరించినా, పాదాంతం, పద్యసంఖ్య, పాఠాంతరం అనే మూడింటికి వాడిన సంకేతాలను పరిష్కర్త పీఠికలో నిర్వచించటం ఆవశ్యకం. లేఖకదోషాలను శోధించే పరిష్కర్త, యంత్రం తెచ్చిపెట్టే దోషాలను కూడ ముద్రణకు పూర్వమే మూలంతో సరిచూడవలె.