నొప్పి తగ్గితే సరిపోదు: పంటికి తొడుగు ఎప్పుడు కావాలి?

"సిస్టరమ్మా, నొప్పి పూర్తిగా పోయింది. ఇంకా క్యాప్ ఎందుకమ్మా, డబ్బు దండగ కాదా?" రూట్ కెనాల్ చేయించుకున్నవారు తరచుగా అడిగే ప్రశ్న ఇది. అడిగినవారిని నేను తప్పుపట్టను. కొన్నేళ్ల క్రితం నేనూ అలాగే అనుకున్నాను.

నా కింది దవడ పన్ను బాగా పుచ్చిపోయి రూట్ కెనాల్ చేయవలసి వచ్చింది. కొద్ది వారాల్లో వచ్చి తొడుగు వేయించుకోమని డాక్టరుగారు చెప్పారు. నొప్పి లేదు, వార్డులో తీరికా లేదు. ఇవాళ, రేపు అంటూ ఐదు నెలలు గడిపేశాను. ఒక సాయంత్రం పప్పుచెక్క కొరికితే టక్కుమని శబ్దం వచ్చింది. పన్ను నిలువునా వేరు దాకా చీలిపోయింది. తీసివేయక తప్పలేదు. ఆ ఖాళీలో బ్రిడ్జి కట్టించుకోవడానికి అటూ ఇటూ ఉన్న రెండు మంచి పళ్లను అరగదీయవలసి వచ్చింది. ఒక్క తొడుగు ఖర్చుకు వెనుకాడి మూడు తొడుగుల ఖర్చు పెట్టాను. అందరికీ జాగ్రత్తలు చెప్పే నాకు ఆ రోజు చాలా సిగ్గు వేసింది. మీకు అలా జరగకూడదనే ఈ నాలుగు మాటలు.

తొడుగు అంటే ఏమిటి?

వాడుకలో క్యాప్ అంటాము, దంతవైద్యులు క్రౌన్ అంటారు. చిగుళ్ల బయట కనిపించే పంటి భాగాన్ని చుట్టూ కప్పి, సిమెంటుతో అతికించే గట్టి కవచం ఇది. రోకలి చివర ఇనుప పొన్ను ఎందుకు వేస్తారు? దెబ్బలకు కర్ర చీలిపోకుండా పట్టి ఉంచడానికి. తొడుగు చేసే పనీ అదే.

రూట్ కెనాల్ అయిన పన్ను ఎందుకు విరుగుతుంది?

పన్ను ఎండిపోయి పెళుసవుతుందని చాలామంది అనుకుంటారు. అసలు కారణం వేరు. పుచ్చు వల్ల కొంత భాగం ముందే పోయి ఉంటుంది. లోపలి నరం తీయడానికి పైనుంచి రంధ్రం చేసినప్పుడు ఇంకొంత పోతుంది. చివరికి పలుచని గోడలే మిగులుతాయి. మనం ఎక్కువ బలంగా నమిలేది దవడ పళ్లతోనే. ఆ ఒత్తిడికి గోడలు విడిపోతాయి. చీలిక వేరులోకి దిగితే సాధారణంగా ఆ పన్ను దక్కదు.

ఎవరికి తొడుగు అవసరం?

1. రూట్ కెనాల్ చేసిన దవడ పళ్లలో ఎక్కువ వాటికి.
2. పుచ్చు పెద్దదై, ఫిల్లింగ్ నిలవడానికి తగినంత పన్ను మిగలనప్పుడు.
3. పన్ను విరిగినా, నమిలి వదిలేటప్పుడు చురుక్కుమనేలా బీట వారినా.
4. పళ్లు కొరకడం వల్ల బాగా అరిగిపోయినప్పుడు.
5. పిల్లల పాల దవడ పళ్లు బాగా పుచ్చినప్పుడు. ఎలాగూ ఊడిపోయేవే కదా అనకండి. ఆ పళ్లు 10 నుండి 12 ఏళ్ల వరకు ఉండాలి. వాటికి స్టీలు తొడుగులు ఉన్నాయి.

ఎవరికి అవసరం లేదు?

చిన్న పుచ్చుకు ఫిల్లింగ్ చాలు. రూట్ కెనాల్ చేసిన ముందు పన్ను పెద్దగా దెబ్బతినకపోతే దానికీ ఫిల్లింగ్ సరిపోవచ్చు. కేవలం తెల్లగా కనిపించడం కోసం ఆరోగ్యమైన పన్నును అరగదీయించుకోవద్దు. అరగదీసిన భాగం తిరిగి పెరగదు.

ఎలా వేస్తారు?

మామూలుగా రెండుసార్లు రావాలి. మొదటిసారి అవసరమైతే మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, పన్నును చుట్టూ సుమారు 1 నుండి 2 మిల్లీమీటర్లు అరగదీసి, అచ్చు తీసుకుంటారు. తాత్కాలిక తొడుగు పెడతారు. అది ఉన్నన్నాళ్లు ఆ వైపు జీళ్లు, చూయింగ్ గమ్ వంటివి నమలకండి. లాబొరేటరీ నుండి అసలు తొడుగు వచ్చాక సరిచూసి అతికిస్తారు. పళ్లు కలిపినప్పుడు అదొక్కటే ముందుగా తగులుతుంటే మొహమాటపడకుండా చెప్పండి, సరిచేస్తారు.

ఏ రకం మంచిది?

లోహపు తొడుగు గట్టిది, పన్నును తక్కువ అరగదీస్తే చాలు, వెల కూడా సాధారణంగా తక్కువే. వెనుక పళ్లకు బాగా పనికివస్తుంది. లోహంపై పింగాణి వేసినవి, పూర్తిగా పింగాణివి, జిర్కోనియావి పంటి రంగులో ఉంటాయి. నికెల్ పడనివారు ముందే చెప్పాలి. డబ్బు ఇబ్బంది ఉంటే ఆ మాటే డాక్టరుగారితో అనండి. తక్కువ ఖర్చుతో అయ్యే దారి చెబుతారు. చెప్పకుండా మానేయడమే నష్టం.

వేసిన తరువాత

తొడుగుకు పుచ్చు పట్టదు గాని, దాని అంచు కింద ఉన్న పంటికి పడుతుంది. అందుచేత రోజుకు రెండుసార్లు ఫ్లోరైడ్ పేస్టుతో చిగుళ్ల అంచు దాకా తోముకోవాలి. పళ్ల సందులు కూడా శుభ్రం చేసుకోవాలి. ఐసు ముక్కలు కొరకడం, పళ్లతో సీసా మూతలు తీయడం మానాలి. బాగా చూసుకుంటే 10, 15 ఏళ్లు, కొందరికి అంతకంటే ఎక్కువే వస్తుంది. తొడుగు ఊడితే పారేయకండి, ఇంట్లో జిగురుతో అతికించకండి. డబ్బాలో వేసుకుని ఒకటి రెండు రోజుల్లో దంతవైద్యుని దగ్గరకు వెళ్లండి.

రూట్ కెనాల్ అయ్యి, తొడుగు లేని పన్ను మీ ఇంట్లో ఎవరికైనా ఉన్నదా? ఈ రోజే అడిగి తెలుసుకోండి. ఉంటే ఈ వారంలోనే చూపించండి. అంతవరకు ఆ వైపు గట్టివి నమలనివ్వకండి. నొప్పి పోవడం చికిత్సలో సగమే. మిగతా సగం తొడుగుతో పూర్తవుతుంది.