చూరు కింద కందిరీగలు

మీ ఇంటి చూరు కింద కందిరీగలు తుట్టె పెట్టాయి. పక్కనే పిల్లలు ఆడుకుంటున్నారు. రాత్రికి కాగడా పెట్టి కాల్చేద్దామా?

కాస్త ఆగండి. పాణాతిపాతానికి అయిదు అంగాలు: ప్రాణి ఉండటం, అది ప్రాణి అని తెలియడం, చంపాలనే చేతన, ప్రయత్నం, మరణం. కాగడా అంటిస్తే అయిదూ నిండుతాయి. "పిల్లల కోసమే కదా" అన్నా చంపాలనే చేతన చేతనే.

అలాగని పిల్లల్ని ప్రమాదంలో వదిలెయ్యమని ధమ్మం చెప్పదు. దూరంగా చెట్టుమీదుంటే వదిలెయ్యండి. అవి పైరు తినే పురుగుల్ని పట్టుకుపోతాయి. గుమ్మం దగ్గరైతే వేరే దారిన నడవండి, రాళ్లు విసరనివ్వకండి. కుట్టి ఊపిరాడకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. తుట్టె ఖాళీ అయ్యాక తీసేసి, చూరు కంతలు మట్టితో పూడ్చండి.

కళ్లు మూసుకొని భావించేదే కాదు, ముందే కంత పూడ్చడం కూడా మైత్రే.